పొగలోంచి కార్బన్ డయాక్సైడ్: పట్టడం సులువే, వదిలించడానికే ఖర్చు

మీ ప్రశ్నను నా మాటల్లో చెప్పుకుంటే ఇది. మీరు హైదరాబాద్‌లో కెమికల్ ఇంజినీరింగ్ ఎంటెక్ చేస్తున్నారు. థర్మల్ విద్యుత్ కేంద్రాల పొగ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేయడం మీద ప్రాజెక్టు చేయాలి. గైడు కొత్త అధిశోషక పదార్థం (వాయువును తన ఉపరితలం మీద పట్టే ఘన పదార్థం) తయారు చేయమంటున్నారు. సీనియర్లు అమైన్ ద్రావణాలే (కార్బన్ డయాక్సైడ్‌తో బంధం వేసే క్షార ద్రావణాలు) నయమంటున్నారు. చదివిన ప్రతి పత్రంలోనూ ‘మా పదార్థం అన్నిటికంటే ఎక్కువ పట్టింది’ అని రాసి ఉంది. ఏ దారి ఎంచుకోవాలి, ఇవి రామగుండంలోనో కొత్తగూడెంలోనో ఎప్పటికైనా పనికొస్తాయా అని అడిగారు.

సూటిగా చెబుతాను. పదార్థం ఘనమా ద్రవమా అన్నది రెండో సంగతి. ఎంత పట్టింది అనే అంకె మీద ప్రాజెక్టు కట్టకండి. పట్టినదాన్ని వదిలించడానికి ఎంత వేడి కావాలి, అసలైన పొగలో ఆ పదార్థం ఎన్నాళ్లు నిలుస్తుంది అనే రెండింటిలో ఒకదాన్ని కొలవండి. చేతిలో ఉన్నది ఏడాది వ్యవధి కనుక నేనైతే అమైన్ల వైపే వెళ్లమంటాను, అందులోనూ ద్రావణం పాడయ్యే తీరు మీద. ఇక రామగుండంలో పనికొస్తుందా అంటే, సాంకేతికంగా ఇవాళే సాధ్యం. కాకపోతే అక్కడి కరెంటులో నాలుగో వంతుకు పైగా వదులుకోవడానికి ఎవరో ఒకరు సిద్ధపడాలి.

నేను కొన్నేళ్లు ఒక ఎరువుల కర్మాగారంలో, అమ్మోనియా ప్లాంటులోని కార్బన్ డయాక్సైడ్ తొలగింపు విభాగంలో పనిచేశాను. తర్వాత నగరంలోనే ఒక చిన్న పైలట్ కాలమ్ (ప్రయోగాత్మక గోపురం) మీద ఫ్లూ గ్యాస్ (చిమ్నీ పొగ) ప్రయోగాలకు మారాను. రెండు చోట్లా చేసేది ఒకే పని అనిపిస్తుంది. కాదు. మీరు ముందుగా అర్థం చేసుకోవలసింది ఆ తేడానే.

ఈ వాయువును పట్టడం కొత్త విద్య కాదు. అమైన్లతో ఆమ్ల వాయువులను తొలగించే పద్ధతికి ఆర్.ఆర్. బాటమ్స్ అమెరికాలో 1930లోనే పేటెంటు పొందారు. యూరియా తయారయ్యే ప్రతి చోటా దశాబ్దాలుగా టన్నుల కొద్దీ కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేసి, తిరిగి యూరియాలోకే పంపుతున్నారు. అయితే అమ్మోనియా ప్లాంటులో మన దగ్గరకు వచ్చే వాయువు సుమారు 28 అట్మాస్ఫియర్ల పీడనంలో ఉంటుంది, అందులో 18 శాతం దాకా కార్బన్ డయాక్సైడ్. అంటే దాని పాక్షిక పీడనం 5 అట్మాస్ఫియర్లు. అక్కడ ద్రావణం దాన్ని తేలిగ్గా పట్టుకుంటుంది, పీడనం దించగానే చాలా భాగాన్ని తేలిగ్గానే వదిలేస్తుంది. బొగ్గు కేంద్రం పొగ సంగతి చూడండి. పీడనం వాతావరణానిదే, కార్బన్ డయాక్సైడ్ 12 నుంచి 15 శాతం. పాక్షిక పీడనం 0.13 అట్మాస్ఫియర్లు, దాదాపు 40 రెట్లు తక్కువ. మిగిలినదంతా ఎక్కువగా నత్రజనే. దాన్నంతా కంప్రెసర్లతో నొక్కి పీడనం పెంచడం తెలివితక్కువ పని. కాబట్టి ఇంత పలుచని వాయువును పట్టాలంటే గట్టి రసాయన బంధం వేసే ద్రావణమే కావాలి. గట్టిగా పట్టేది గట్టిగానే అంటిపెట్టుకుంటుంది. ఖర్చంతా అక్కడే మొదలవుతుంది.

అందరూ కొలమానంగా వాడేది మోనోఇథనాల్ అమైన్, మనవాళ్లు ఎంఈఏ అంటారు. నీటిలో 30 శాతం బరువుతో కలుపుతారు. పొగను 40 డిగ్రీలకు చల్లబరిచి అబ్సార్బర్ అనే పట్టే గోపురం అడుగు నుంచి పంపితే, పైనుంచి దిగే ద్రావణం దాన్ని పట్టుకుని కార్బమేట్‌గా మారుతుంది. ఒక అణువు కార్బన్ డయాక్సైడ్‌కు రెండు అణువుల అమైన్ ఖర్చవుతుంది, అందుకే ఆ చర్యతో అమైన్ మోల్‌కు 0.5 మోల్ వాయువు దగ్గర (ఈ నిష్పత్తే ‘లోడింగ్’) ఆగిపోతుంది. అలా నిండిన ‘రిచ్’ ద్రావణాన్ని స్ట్రిప్పర్ అనే వదిలించే గోపురంలో 120 డిగ్రీల దాకా వేడిచేసి వాయువును వదిలిస్తారు. వాయువు వదిలేసిన ‘లీన్’ ద్రావణం చల్లారి మళ్లీ అబ్సార్బర్‌కు వెళుతుంది. ఎంఈఏది ఉడుంపట్టు. వదిలించడానికి టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 3.5 నుంచి 4 గిగాజౌల్స్ వేడి కావాలి.

ఆ అంకెను కంఠస్థం చేయకండి, విడదీసి చూడండి. వైవాలో అడిగినా అడగకపోయినా ఇది తెలియాలి. శోషణ వేడి మోల్‌కు సుమారు 85 కిలోజౌల్స్. బంధం వేసినప్పుడు వెలువడిన ఈ వేడినే బంధం తెంచడానికి తిరిగి ఇవ్వాలి. 44తో భాగిస్తే టన్నుకు 1.9 గిగాజౌల్స్. రెండోది ద్రావణాన్ని వేడిచేయడానికయ్యే ఖర్చు. లోడింగ్ లీన్‌లో 0.2, రిచ్‌లో 0.45 అనుకుంటే ఒక కిలో ద్రావణం ఒక చుట్టులో మోసేది 54 గ్రాముల వాయువే. అంటే కిలో వాయువు కోసం పద్దెనిమిదిన్నర కిలోల ద్రావణాన్ని తిప్పాలి. ఉష్ణ వినిమాయకం ఎంత మంచిదైనా చివరి 10 డిగ్రీలు స్ట్రిప్పర్ అడుగున ఉండే హీటర్, అంటే రీబాయిలరే, పెంచాలి. అది మరో 0.65 గిగాజౌల్స్ పైమాట. మూడోది చాలామంది మరచిపోయే భాగం, స్ట్రిప్పర్ పైనుంచి వాయువుతో పాటు బయటికి పోయే నీటి ఆవిరి. అదొక గిగాజౌల్ దాటుతుంది. కూడితే మూడున్నర పైనే తేలింది కదా.

ఇప్పుడు దీన్ని ఒక 500 మెగావాట్ల యూనిట్ మీద పెట్టండి. రామగుండం ఎన్టీపీసీలో అలాంటివి నాలుగున్నాయి. యూనిట్ మెగావాట్-గంటకు 0.9 టన్నులు వదులుతుందనుకుంటే గంటకు 450 టన్నులు. అందులో 90 శాతం పట్టాలంటే 405 టన్నులు. టన్నుకు 3.6 గిగాజౌల్స్ చొప్పున 405 మెగావాట్ల ఉష్ణం. టర్బైన్ అల్పపీడన భాగానికి వెళ్లే ఆవిరిలో దాదాపు సగాన్ని మధ్యలోనే లాక్కోవాలి. ఆ ఆవిరి ఇచ్చి ఉండే కరెంటు 80 నుంచి 100 మెగావాట్లు. వాయువును పైపులో పంపడానికి తగినట్టు 100 అట్మాస్ఫియర్ల పైకి నొక్కే కంప్రెసర్లకు మరో 40. బ్లోయర్లూ పంపులూ వేరే. మొత్తం 130 నుంచి 150 మెగావాట్లు. నాలుగో వంతు పైన అన్నది ఈ లెక్కే. అమెరికాలో బొగ్గు కేంద్రం పొగను పట్టే పెట్రా నోవా ప్లాంటులో ఈ ఆవిరి కోసం ప్రత్యేకంగా ఒక గ్యాస్ టర్బైన్ యూనిట్‌నే కట్టుకున్నారు. కెనడాలో బౌండరీ డ్యామ్ బొగ్గు కేంద్రంలోని ప్లాంటు 2014లో మొదలైనప్పుడు ఆవిరిని సొంత టర్బైన్ నుంచే తీసుకుంది. సమస్య ఒకటే, ఇద్దరూ బిల్లు వేర్వేరు చోట్ల కట్టారు.

సిద్ధాంతం ప్రకారం ఈ పనికి, నొక్కడంతో సహా, టన్నుకు 0.11 మెగావాట్-గంట చాలు. మన లెక్కలో తేలింది 0.35 దాకా. మధ్యలో ఉన్న ఆ జాగాలోనే పరిశోధకుల బతుకుతెరువంతా ఉంది.

‘అయితే శోషణ వేడి తక్కువున్న అమైన్ తీసుకుంటే సరిపోతుంది కదా’ అని మీకు అనిపించి ఉంటుంది. తృతీయ అమైన్లలో, ఉదాహరణకు ఎండీఈఏలో (మిథైల్ డైఇథనాల్ అమైన్), ఆ వేడి 60 కిలోజౌల్స్ లోపే. అది కార్బమేట్ కట్టదు, బైకార్బనేట్‌గా పట్టుకుంటుంది, కాబట్టి మోల్‌కు మోల్ దాకా మోయగలదు. వినడానికి బాగుంది. కానీ చర్య నెమ్మది, అబ్సార్బర్ ఎత్తు పెరిగిపోతుంది. అందుకే వేగంగా చర్య జరిపే పిపరజీన్ అనే అమైన్ కొంచెం కలిపి వేగం తెప్పిస్తారు. ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. శోషణ వేడి ఎక్కువున్న ద్రావణంలో ఉష్ణోగ్రత పెంచినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పీడనం బాగా పెరుగుతుంది, అప్పుడు నీటి ఆవిరి వృథా తగ్గుతుంది. వేడి తక్కువున్నదాంట్లో ఈ లాభం తక్కువ. ఒక చేత్తో మిగిల్చింది ఇంకో చేత్తో ఖర్చయిపోవచ్చు. శోషణ వేడి ఒక్కటే చూపించి ‘శక్తి ఆదా’ అని శీర్షిక పెట్టే ప్రాజెక్టు నా ముందుకు వస్తే నేను మొదట అడిగేది మిగతా రెండు భాగాల లెక్క.

ఇక అసలు పొగ దగ్గరకు వద్దాం. నా దృష్టిలో ఇదే ముఖ్యం, ప్రయోగశాలలు దాటవేసేదీ ఇదే.

మీ కళాశాలలో ఫ్లూ గ్యాస్ అంటే రెండు సిలిండర్లు: ఒకటి నత్రజని, ఒకటి కార్బన్ డయాక్సైడ్. థర్మల్ కేంద్రంలో పొగ అంటే వాటికి తోడు ఆక్సిజన్, నీటి ఆవిరి, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, బూడిదను విద్యుత్‌తో పట్టే ఈఎస్పీని తప్పించుకుని వచ్చే సన్నని బూడిద. మన బొగ్గులో గంధకం తక్కువని గొప్పగా చెప్పుకుంటాం, నిజమే. అయినా తడి శుద్ధి లేని చోట పొగలో సల్ఫర్ డయాక్సైడ్ కొన్ని వందల పీపీఎం ఉంటుంది. అమైన్ ప్లాంటువారు 10 పీపీఎం దాటితేనే ముఖం చిట్లిస్తారు. సల్ఫర్ డయాక్సైడ్‌తో అమైన్ కట్టే లవణం స్ట్రిప్పర్ వేడికి విడిపోదు. అలా చిక్కుకుపోయిన అమైన్ ఇక కార్బన్ డయాక్సైడ్‌ను పట్టదు, కొత్తది పోయాలి. కాబట్టి మన దేశంలో పొగలోని గంధకాన్ని తొలగించే ఫ్లూ గ్యాస్ డీసల్ఫరైజేషన్ యూనిట్లు పెట్టాలా వద్దా అన్న చర్చ, కార్బన్ పట్టే చర్చ వేర్వేరు కావు. మొదటిది లేకపోతే రెండోదాని గురించి మాట్లాడి లాభం లేదు.

తర్వాత ఆక్సిజన్. పొగలో ఉండే కొద్ది శాతం ఆక్సిజనే ఎంఈఏని నెమ్మదిగా తినేస్తుంది. అమ్మోనియా, ఫార్మేట్, ఆక్సలేట్ వంటివి పుడతాయి. ద్రావణంలో కరిగిన ఇనుము, మాంగనీస్, రాగి ఈ చర్యకు ఉత్ప్రేరకాలు. పుట్టిన ఆమ్లాలు ఉక్కును తింటాయి, తిన్న ఉక్కు నుంచి మరింత ఇనుము ద్రావణంలోకి వస్తుంది, ఆ ఇనుము మళ్లీ అమైన్‌ను పాడుచేస్తుంది. పైలట్ కాలమ్ దగ్గర దీన్ని చూడటానికి పరికరం అక్కరలేదు. నింపిన రోజు నీళ్లలా ఉండే ద్రావణం మొదట లేత పసుపు, తర్వాత తేనె రంగు, కొన్ని వారాలకు నల్లబడిన గోధుమ రంగు. సైట్ గ్లాసులో నురుగు నిలవడం మొదలవుతుంది. అబ్సార్బర్ పీడన భేదం చూపే మానోమీటర్ ఉదయం ఉన్న చోట మధ్యాహ్నం ఉండదు. నురుగు కాలమ్‌ను ఉక్కిరిబిక్కిరి చేస్తోందని అర్థం. అప్పుడు పట్టే శాతం కూడా పడిపోతుంది. కాగితం మీద ఇదే ద్రావణం 90 శాతం పట్టినట్టు ఉంటుంది.

సాధారణంగా టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు కిలోన్నర ఎంఈఏ పోతుందని లెక్క వేస్తారు. పొగ మురికిని బట్టి ఇంకా ఎక్కువ. గంటకు 405 టన్నులు పట్టే మన ఊహా ప్లాంటులో అది రోజుకు 14 టన్నులు పైన. ఆ పాడైన మడ్డిని ఎక్కడ పారబోస్తారన్నది మరో ప్రశ్న, అదీ చిన్నది కాదు. ద్వితీయ అమైన్లు వాడితే నైట్రోజన్ డయాక్సైడ్‌తో కలిసి నైట్రోసమైన్లు పుట్టే ప్రమాదం ఉంది, వాటిలో చాలా వాటికి క్యాన్సర్ కలిగించే గుణం ఉంది. నార్వేలోని మాంగ్‌స్టాడ్ పరీక్షా కేంద్రంలో గాలిలోకి పోయే వీటి మీద ప్రత్యేకంగా కొలతలు తీసుకున్నారు. మీరు పిపరజీన్ వాడితే ఫ్యూమ్ హుడ్ బయట పని చేయకండి.

కొలతల విషయంలో హైదరాబాద్‌లో పనిచేసేవారికి ఒక సంగతి చెప్పాలి. ద్రావణంలో ఎంత కార్బన్ డయాక్సైడ్ ఉందో చూడటానికి చవకైన పద్ధతి, 1 మిల్లీలీటరు నమూనాకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, వెలువడిన వాయువును గ్యాస్ బ్యూరెట్‌లో కొలవడం. సుమారు 5 మోలార్ ఎంఈఏ, లోడింగ్ 0.45 అయితే వచ్చేది 2.25 మిల్లీమోల్స్. 30 డిగ్రీల దగ్గర, సముద్రమట్టపు పీడనంలో అది 56 మిల్లీలీటర్లు. కానీ మన ఊరు సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి వాతావరణ పీడనం 950 మిల్లీబార్ల దగ్గరే ఉంటుంది. అందుకే బ్యూరెట్ చూపేది 60 మిల్లీలీటర్లు. 760 మిల్లీమీటర్ల పాదరసం అని పుస్తకంలోని సూత్రంలో ఉన్నది ఉన్నట్టు వేస్తే లోడింగ్ 0.48 అని తేలుతుంది. ఒక విద్యార్థి సరిగ్గా ఇలాగే ‘మా మిశ్రమం ఎంఈఏ కంటే 6 శాతం మెరుగు’ అని తెచ్చి చూపించారు. పోల్చిన ఎంఈఏ అంకె విదేశీ పత్రంలోది, కొలిచింది తార్నాకకు కూతవేటు దూరంలో. ఆ 6 శాతం దక్కన్ పీఠభూమి ఎత్తు, మిశ్రమం గొప్పతనం కాదు. పోల్చే ద్రావణాన్ని కూడా అదే గదిలో, అదే బ్యూరెట్‌తో మీరే కొలవండి. నీటి ఆవిరి పీడనం తీసివేయడం కూడా మరవకండి.

ఇదే వరుసలో వేసవి గురించి. కార్బన్ డయాక్సైడ్ సందిగ్ధ ఉష్ణోగ్రత (దీని పైన ఎంత నొక్కినా ద్రవం కాదు) 31 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని ల్యాబ్‌లో సిలిండర్ లోపల ద్రవం అనేదే ఉండదు, గేజ్ పీడనం మామూలు కంటే పైకి పోతుంది. మరోవైపు ఎక్కువ ప్రవాహం తీస్తే రెగ్యులేటర్ మంచుకట్టి ప్రవాహం ఊగిసలాడుతుంది. రెగ్యులేటర్‌కు హీటర్ అడగండి, లేకపోతే ఎండలు ముదరకముందే ప్రయోగాలు పూర్తిచేసుకోండి. పెద్ద ప్లాంటుకూ ఇదే బాధ. పత్రాల్లో అందరూ రాసే 40 డిగ్రీల అబ్సార్బర్, కూలింగ్ నీరు 32 డిగ్రీలకు దిగనంటే 40లో ఉండదు.

మీ గైడు చెప్పిన అధిశోషకాల మాటకు వస్తే, ఆయన చెప్పింది తప్పని నేననడం లేదు. కానీ ఐసోథర్మ్‌లో (ఒకే ఉష్ణోగ్రతలో, పీడనంతో పట్టే మొత్తం ఎలా మారుతుందో చూపే రేఖ) 1 బార్ దగ్గర వచ్చే పెద్ద అంకెను చూసి మురిసిపోకండి. మీకు కావలసింది 0.13 బార్ దగ్గర పట్టే దానికి, వదిలించాక మిగిలే దానికి మధ్య తేడా. అదీ 25 డిగ్రీల పొడి వాయువులో కాదు, 50 డిగ్రీల తడి వాయువులో. 50 డిగ్రీల దగ్గర నీటి ఆవిరితో నిండిన పొగలో ఆవిరే 12 శాతం ఉంటుంది, అంటే కార్బన్ డయాక్సైడ్ ఎంతో నీరూ అంతే. జియోలైట్ 13ఎక్స్ అనే సాధారణ అధిశోషకానికి ఈ రెండిటిలో ఏది ఇష్టమో అడగనక్కరలేదు, నీటినే పట్టుకుని కూర్చుంటుంది. లోహ-సేంద్రియ చట్రాలలో చాలా వాటిదీ అదే దారి. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన కాల్ఫ్-20 అనే జింకు పదార్థం గురించి ఇంత చర్చ జరగడానికి కారణం దాని సామర్థ్యం కాదు, గాలిలో తేమ ఓ మాదిరిగా ఉన్నా కార్బన్ డయాక్సైడ్‌ను వదలకపోవడం, పెద్ద ఎత్తున తయారు చేయగలగడం. గైడు గట్టిగా పట్టుబడితే మీరు అధిశోషకమే చేయండి, కానీ తడి వాయువులో కనీసం కొన్ని పదుల చుట్లు నడిపిన ఫలితం పెట్టండి. అది లేని పత్రాన్ని నేను రెండో పేజీ దాటి చదవను.

వాయువును వడగట్టే పొరల (మెంబ్రేన్ల) సంగతి ఒక్క మాటలో తేల్చేయవచ్చు. పొగ 1.1 బార్, అవతల వాక్యూమ్ 0.2 బార్ అనుకుంటే పీడనాల నిష్పత్తి ఐదున్నర. పొర ఎంత చురుకైనదైనా 13 శాతాన్ని ఒక్క దశలో 70 శాతం మించి పెంచలేదు. ఇది పొర తప్పు కాదు, పీడనం పరిమితి. సెలెక్టివిటీ (నత్రజని కంటే కార్బన్ డయాక్సైడ్‌ను ఎన్ని రెట్లు వదులుతుందనేది) 500 అని ఎవరైనా చెబితే ఈ లెక్క వేసి చూపించండి.

దేశంలో ఇప్పటికే ఏం జరిగిందో కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే సెమినార్‌లో ‘ఇది మన దగ్గర అసాధ్యం’ అనేవారు తప్పకుండా ఉంటారు. కాకినాడలో నాగార్జున ఎరువుల కర్మాగారంలో రిఫార్మర్ పొగ నుంచి రోజుకు 450 టన్నులు పట్టే జపాన్ సాంకేతికత ప్లాంటు 2009లో వచ్చింది. అంతకుముందే ఉత్తరప్రదేశ్‌లోని ఇఫ్కో కర్మాగారాల్లో అలాంటివి వెలిశాయి. కానీ అది సహజవాయువు పొగ, బూడిద లేదు, గంధకం లేనట్టే. తూత్తుకుడిలో బొగ్గు బాయిలర్ నుంచి ఏడాదికి 60 వేల టన్నులు పట్టి సోడా యాష్‌కు వాడే ప్లాంటు 2016లో మొదలైంది. ఎన్టీపీసీ వింధ్యాచల్‌లో 2022లో పెట్టింది రోజుకు 20 టన్నులది. ఒక్క 500 మెగావాట్ల యూనిట్ పూర్తి లోడులో రోజుకు వదిలేది 10 వేల టన్నుల పైన అని గుర్తుపెట్టుకుంటే, మనం ఎక్కడున్నామో తెలుస్తుంది.

పట్టినది ఏం చేస్తారన్నది మీరు అడగలేదు, కానీ అడగాల్సిందే. యూరియా టన్నుకు 0.73 టన్నుల కార్బన్ డయాక్సైడ్ కావాలి. రామగుండం ఎరువుల కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 12.7 లక్షల టన్నులు, అంటే 9.3 లక్షల టన్నుల వాయువు. దాన్ని సొంత అమ్మోనియా ప్లాంటే ఇస్తుంది. పక్కనే ఉన్న విద్యుత్ కేంద్రంలో ఒక్క 500 మెగావాట్ల యూనిట్ ఏడాదిలో వదిలేది సుమారు 30 లక్షల టన్నులు. శీతల పానీయాలు, డ్రై ఐస్, మిథనాల్ అని ఎన్ని చెప్పినా లెక్క కుదరదు, చివరికి భూమిలోకే పంపాలి. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్, అందులో దాచే చోటు లేదు. పడమటి వైపు వికారాబాద్ దాటాక మొదలయ్యే దక్కన్ బసాల్ట్ మీద, ఐస్‌లాండ్‌లో కార్బ్‌ఫిక్స్ చూపించినట్టు వాయువు రాయిగా మారుతుందన్న ఆశ ఉంది. అక్కడ 2012లో ఎక్కించినదాంట్లో 95 శాతం పైగా రెండేళ్ల లోపే ఖనిజంగా మారింది. మన బసాల్ట్‌లో అంత వేగంగా జరుగుతుందా అన్నది ఉప్పల్ దారిలోని ఎన్‌జీఆర్‌ఐ వంటి చోట్ల భూభౌతిక శాస్త్రవేత్తలు చూడాల్సిన పని, మనది కాదు.

నా అభిప్రాయంలో బొగ్గు కేంద్రాల కంటే సిమెంటుకు ఈ పరిశోధన ఎక్కువ అవసరం. కరెంటుకు సూర్యుడున్నాడు, గాలి ఉంది. సున్నపురాయిని కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్‌కు ప్రత్యామ్నాయం లేదు. సిమెంటు ఉద్గారాల్లో 60 శాతం దాకా రాయి నుంచే వస్తాయి, ఇంధనం మార్చినా అవి పోవు. పైగా కిల్న్ పొగలో కార్బన్ డయాక్సైడ్ 20 శాతం పైనే ఉంటుంది, పట్టడం కొంచెం సులువు. నార్వేలో బ్రెవిక్ సిమెంటు కర్మాగారంలో ఏడాదికి 4 లక్షల టన్నులు పట్టే ప్లాంటు 2025లో ప్రారంభమైంది. మనకు తాండూరు, హుజూర్‌నగర్, మట్టపల్లి వైపు ఉన్న కిల్న్‌లు తక్కువేమీ కాదు. విద్యుత్ కేంద్రంలో ఉన్నంత పెద్ద ఆవిరి టర్బైన్ కిల్న్ దగ్గర ఉండదు, రీబాయిలర్‌కు వేడి ఎక్కడి నుంచి తేవాలన్నదే అక్కడి చిక్కు.

మరి ఏడాదిలో ఏం చేయవచ్చు? నేను చేయమనేది ఇది: సింగరేణి బొగ్గు బూడిద అమైన్‌ను ఎంత త్వరగా పాడుచేస్తుంది? మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం, అందులో ఇనుము ఉంది. ఈఎస్పీ బూడిద తెచ్చి, లోడింగ్ ఉన్న ఎంఈఏలో కొద్ది మొత్తం వేసి, 55 డిగ్రీల దగ్గర గాలి, 2 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపి బుడగలుగా పంపండి. బూడిద వేయని నమూనా ఒకటి పక్కన నడవాలి. వారానికి రెండుసార్లు ఆమ్ల టైట్రేషన్‌తో మిగిలిన క్షారత, అయాన్ క్రొమాటోగ్రఫీతో ఫార్మేట్, లోహాలను కొలిచే ఐసీపీ పరికరంతో ఇనుము, మాంగనీస్. గాజు రియాక్టర్, వాటర్ బాత్, మంచి కండెన్సర్ చాలు. కండెన్సర్ సరిగా లేకపోతే నీరు ఆవిరై ద్రావణం చిక్కబడి, అమైన్ పెరిగినట్టు కనిపిస్తుంది, అది చూసుకోండి. అయాన్ క్రొమాటోగ్రఫీ, ఐసీపీ మీ కళాశాలలో లేకపోతే నమూనాలు నగరంలోని పెద్ద ప్రయోగశాలలకు రుసుము కట్టి పంపవచ్చు, ముందుగా వాళ్లతో నమూనా పరిమాణం, పలుచన మాట్లాడుకోండి. బాయిలర్ బూడిద, ఈఎస్పీ బూడిద ఒకటి కావు, సంచి మీద ఈఎస్పీలో ఏ వరుస (ఫీల్డ్) కింది హాపర్‌దో రాయించుకుని తెచ్చుకోండి.

దీనికి తోడుగా వేడికి పాడయ్యే తీరు కూడా చూడాలనిపిస్తే, చిన్న స్టెయిన్‌లెస్ ఉక్కు గొట్టాల్లో లోడింగ్ ఉన్న ద్రావణం నింపి, బిగించి, 135 డిగ్రీల ఓవెన్‌లో వారాల తరబడి ఉంచి ఒక్కొక్కటీ తీసి చూడటమే. స్ట్రిప్పర్‌లో నెలల్లో జరిగేది అక్కడ వారాల్లో కనిపిస్తుంది. గొట్టం నింపే ముందు పైన ఖాళీ వదలండి, ద్రావణం వ్యాకోచిస్తుంది. తీశాక పూర్తిగా చల్లారనిదే విప్పవద్దు.

ఆస్పెన్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో నమూనా చేసి ఊరుకుందామని కూడా కొందరు చెబుతారు. చేయండి, తప్పు లేదు, కానీ సమతాస్థితి నమూనా కాక, చర్య వేగాన్ని లెక్కలోకి తీసుకునే రేట్ ఆధారిత నమూనా పెట్టండి, ఏదో ఒక పైలట్ ప్లాంటు ప్రచురించిన ఉష్ణోగ్రత రేఖతో సరిపోల్చండి. అబ్సార్బర్ పై భాగంలో శోషణ వేడి వల్ల వచ్చే ఉష్ణోగ్రత ఉబ్బు మీ నమూనాలో రాకపోతే మిగతా ఫలితాలు నమ్మదగినవి కావు.

గైడుతో ఎలా మాట్లాడాలో కూడా చెబుతాను. ‘అధిశోషకం వద్దు సార్’ అని మొదలుపెట్టకండి. పైన వేసిన మూడు ముక్కల వేడి లెక్కను ఆయన అనుకుంటున్న పదార్థానికి వేసి తీసుకెళ్లండి: బంధం వేడి, పదార్థాన్ని వేడిచేయడానికయ్యే వేడి, దానితో పాటు నీరు పట్టుకునే వాటా. ఘన పదార్థాల విశిష్టోష్ణం తక్కువ కనుక రెండో భాగంలో వాటికి నిజమైన లాభమే ఉంది, ఆ సంగతీ దాచకండి. మూడో అంకె దగ్గర ఆయనే ఆగి ఆలోచిస్తారు. ఆ తర్వాత ఏది ఖాయమైనా ఇక్కడ రాయండి. బూడిద దారి పట్టుకుంటే మొదటి రెండు వారాల టైట్రేషన్ అంకెలు కూడా పెట్టండి, చూసి చెబుతాను.